చిన్న మున్సిపాలిటీలో శ్మశానం నిండిపోయింది, ‘గ్రీన్ బరియల్’ మనకు పనికొస్తుందా?

తమ ఊరి శ్మశానంలో గొయ్యి తవ్వడానికి చోటు లేదనీ, విదేశాల్లో చేస్తున్న గ్రీన్ బరియల్, అంటే మందులూ సిమెంటూ లేకుండా శవం మట్టిలో కలిసిపోయేలా పాతిపెట్టడం, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చిన్న పట్టణాల్లో కుదురుతుందా అనీ ఒకరు అడిగారు. నేను విజయనగరం జిల్లాలో ఓ చిన్న మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. చెత్త బళ్లు, దోమల మందు, కాలవల పూడికతో పాటు శ్మశానాలు కూడా మా నెత్తి మీదే ఉండేవి. అందుకని సూటిగానే చెప్తాను. మీ శ్మశానం శవాలతో నిండలేదు, సిమెంటుతో నిండింది.

ఉత్త గుడ్డ చుట్టి మట్టిలో పెట్టిన మనిషి కొన్నేళ్లకు మట్టిలో కలిసిపోతాడు. ఆ చోటు మళ్లీ ఇంకొకరికి పనికొస్తుంది. మన పెద్దవాళ్లు వాడుకున్నది అలాగే. మా ఊరి ఖబరస్తాన్‌లో ఇప్పటికీ ఎక్కువ భాగం కఫన్ గుడ్డ, పైన మట్టి దిబ్బ, అంతే. జంగాల కులంలో శవాన్ని కూర్చోబెట్టి పాతిపెట్టే ఆచారం ఉంది, అక్కడా పెట్టె ఉండదు. ఇదంతా గ్రీన్ బరియల్ కాకపోతే మరేమిటి? ఇప్పుడు నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే చుట్టూ ఇటుక గోడ, కింద కాంక్రీటు, పైన టైల్స్, దాని మీద స్టీలు రెయిలింగు. బతికినప్పుడు రేకుల ఇంట్లో ఉన్న మనిషికి పోయాక మార్బుల్ వేయిస్తున్నారు.

ఓ ఆషాఢం ముసురులో జరిగింది చెప్తాను. గెడ్డ (వాగు) పక్కనున్న మా పబ్లిక్ శ్మశానంలో ఓ పెద్దావిడను పాతిపెట్టాలి. కొడుకు వైజాగ్‌లో ఉద్యోగి. అతను వచ్చేదాకా శవాన్ని ఫ్రీజర్ బాక్సులో ఉంచారు. పొద్దు వాలుతుంటే తీసుకొచ్చారు. మా కాటికాపరి తవ్వడం మొదలుపెట్టాడు. గునపం రెండడుగులు దిగగానే ఠంగుమంది. పైన ఏ గుర్తూ లేదు, గడ్డి మొలిచి ఉంది, కింద మాత్రం సిమెంటు పలక. సరేనని గెడ్డ వైపు జరిగితే మోకాలి లోతుకే నీరు ఊరింది. మరో చోట పార వేయగానే ఆ పక్క ఇళ్ల నుంచి ఓ ఆడమనిషి తడుస్తూ పరిగెత్తుకొచ్చి, “మా మావ ఉన్నాడక్కడ, పసుపు రాయి ఎట్టాను, అవుపడ్నేదా” అని అడ్డం నిలబడింది. ఆ రాయి ఏ గొర్రెలకాపరి కాలు తగిలి దొర్లిపోయిందో ఏమో.

కొడుకు సహనం అయిపోయింది. “ఇంటిపన్ను ఎంతో పైసలతో సహా కంప్యూటర్లో ఉంటుంది గానీ, గొయ్యి ఎక్కడ తవ్వాలో మీ మున్సిపాలిటీకి తెలీదా సార్?” అని నా మీద అరిచాడు. నేనేం చెప్పను? ఆఫీసులో మరణాల రిజిస్టర్ ఉంది. ఎవరు ఎక్కడ పడుకున్నారో చెప్పే పుస్తకం మాత్రం ఏ కమిషనరూ పెట్టించలేదు, పెట్టిద్దామని నేను రాసిన నోట్‌ఫైలు ఏ బీరువాలో ఉందో కూడా తెలీదు.

చివరికి కాటికాపరే ఓ ఇనప ఊస పట్టుకుని, నేలలో గుచ్చుకుంటూ, ఆ చివర కానుగ చెట్టు దగ్గరికి వెళ్లాడు.

“ఇక్కడ తవ్వుదుం బాబూ. ఇక్కడున్నోలందరూ మట్టైపోనారు.”

“నీకెలా తెలుసు?”

“మా అయ్య పాతినోలు బాబూ. సిమెంటు నేదు, పెట్టె నేదు.”

తవ్వితే నిజంగానే అడుగున కొన్ని ఎముక ముక్కలు, పచ్చ గాజు పెంకులు, అంతే. వాటిని ఓ గుడ్డలో మూటకట్టి, గొయ్యి అడుగునే ఇంకొంచెం లోతు చేసి పెట్టి, పిడికెడు మట్టి కప్పాడు. దాని మీద ఈవిడ. కొడుకు కూడా ఏమీ అనలేదు. చిక్కంతా ఉప్పు దగ్గర వచ్చింది. నౌపడ ఉప్పు బస్తా ఒకటి తెచ్చారు, మొత్తం పోయాలంటారు. ఉప్పు పోస్తే శవం తొందరగా కరిగిపోతుందని మనవాళ్ల నమ్మకం. మామిడికాయ ఉప్పులో ఊరేస్తే ఏడాది నిలవ ఉంటుందని తెలిసిన ఇళ్లలోనే ఈ మాట ఎలా పుట్టిందో నాకు అర్థం కాదు. ఉప్పు పురుగునీ సూక్ష్మజీవినీ ఆపుతుంది, పైన మొక్కనీ బతకనివ్వదు. శాస్త్రానికి దోసెడు వేయించి, బస్తా వెనక్కి పంపించాను.

ఇక విదేశాల సంగతి. ఇంగ్లండ్‌లో కార్లైల్ అనే ఊళ్లో 1993లో దీన్ని మొదలుపెట్టింది సాధువులూ ఉద్యమకారులూ కాదు, కెన్ వెస్ట్ అనే మున్సిపల్ శ్మశానాల మేనేజరు. నాలాంటి ఉద్యోగే. ఉన్న శ్మశానంలోనే ఓ పక్కన రాయి బదులు చెట్టు అన్నాడు. అమెరికాలో వాళ్ల బాధ వేరు. శవానికి కుళ్లకుండా ఫార్మాలిన్ మందు ఎక్కించి, ఖరీదైన పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను మళ్లీ కాంక్రీటు తొట్టెలో దించడం అక్కడ మామూలు. దాన్నుంచి బయటపడటానికి వాళ్లకు ఉద్యమం కావాల్సి వచ్చింది. వాళ్లు వదిలించుకుంటున్న కాంక్రీటును మనం అప్పుచేసి తెచ్చుకుంటున్నాం.

మన దగ్గర ఫార్మాలిన్ శవాలు లేవని కాదు. శ్రీకాకుళం పల్లెల నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు అక్కడ పోతే, విమానంలో పంపడానికి ఎంబామింగ్ చేసి, పెట్టె సీలు వేసి పంపుతారు. ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నప్పుడు పెట్టె తీసేయండి అని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్పాలి. ఆ పెట్టెతో పాతితే ఆ చోటు ఇక మీ జీవితకాలానికి పోయినట్టే.

చేయాల్సింది కష్టమేం కాదు. శ్మశానంలో కాస్త ఎత్తుగా, నీరు నిలవని, బావులకూ గెడ్డకూ దూరంగా ఉన్న ఓ ముక్కను విడదీసి, ఇక్కడ సిమెంటు పని నిషేధం అని కౌన్సిల్లో తీర్మానం చేయించండి. ఆరడుగుల లోతు అక్కర్లేదు. పైమట్టిలోనే గాలి, వానపాములు, సూక్ష్మజీవులు ఉంటాయి, మూడున్నర నాలుగడుగులు చాలు. శవం మీద రెండడుగుల మట్టి కచ్చితంగా పడాలి, కుక్కల కోసం పైన తుమ్మకంప వేయాలి. నూలు గుడ్డే కప్పాలి. పాలియెస్టర్ చీరలు, థర్మోకోల్ దండలు, ప్లాస్టిక్ పూలు గేటు బయటే ఆపాలి. వీటితో నాకున్న వైరం ఇంతా అంతా కాదు, పెద్దకర్మ అయ్యేసరికి గెడ్డ నిండా అవే.

చెట్ల విషయంలో ఫారెస్టు నర్సరీలో ఏది మిగిలితే అది తెచ్చి నాటకండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫానుకి మా శ్మశానంలో తురాయి చెట్లు వేళ్లతో సహా లేచి సమాధుల మీద పడ్డాయి, తాటిచెట్లు మాత్రం నిలబడ్డాయి. 2018లో తిత్లీకి ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఏమయ్యాయో అందరం చూశాం. కానుగ, వేప, తాటి వేయండి.

దహనం చేసుకునేవాళ్లను పాతిపెట్టుకోమని నేను అనడం లేదు. కట్టెల చితికి నాలుగైదు క్వింటాళ్ల కర్ర పడుతుంది కాబట్టి గ్యాస్ దహనవాటిక మేలే, అది పనిచేసినప్పుడు. నాకు తెలిసిన ఒక చోట ప్రారంభోత్సవం ఫొటోలు బాగా వచ్చాయి, ఆ తర్వాత బర్నర్ పాడైతే బాగుచేసే మనిషి రాలేదు. శవాలు షెడ్డు పక్కన కట్టెల మీదే కాలాయి.

మళ్లీ చోటు దగ్గరికే వస్తాను. రిజిస్టర్ లేకుండా ఏదీ నడవదు. శ్మశానం చూసుకునే మనిషి కూడా మరణాన్ని రిజిస్ట్రార్‌కు తెలియజేయాలని 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. అంటే కాటికాపరి చట్టం గుర్తించిన మనిషి. మన దగ్గర అతనికి జీతం లేదు, పోస్టు లేదు, శవం తాలూకు వాళ్లు చేతిలో పెట్టినదే. అతను పోతే మీ శ్మశానం మ్యాపు అతనితోనే పోతుంది. అతను ఉండగానే ఓ ఆదివారం పక్కన కూర్చుని వరసలు, వరసలో నంబర్లు రాయించుకోండి. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ ఉంటారు, ఫోన్లో లొకేషన్ పట్టుకోవడం వాళ్లకు నిమిషం పని.

“పేరు లేకుండా ఎలా?” అని జనం అడుగుతారు, న్యాయమే. కాంపౌండ్ గోడకు లోపలి వైపు వరసగా పేర్లు చెక్కించండి. గోడ ఎలాగూ కడతారు, అది కాంట్రాక్టరుకు ఇష్టమైన పని. ఆర్చి కట్టిస్తామని, సీసీ రోడ్డు వేయిస్తామని పెద్దమనుషులెవరైనా వస్తే మాత్రం ఆ డబ్బుతో బోరు వేయించమనండి. మా దగ్గర ఆర్చి మీద రెండు శిలాఫలకాలు ఉన్నాయి, లోపల కుళాయి లేదు, జనం ఇప్పటికీ స్నానానికి చెరువుకే పోతున్నారు.