కాలనీలోకి చిరుత వస్తే పట్టి దూరపు అడవిలో వదిలేయవచ్చు కదా?

విశాఖపట్నంలో కంబాలకొండ అడవి అంచున, ఎండాడ, మధురవాడ వైపు ఉండేవారికి ఈ ప్రశ్న రావడం సహజమే. కానీ పట్టి వదలడం చివరి మార్గంగానే ఉండాలి. చిరుత తన చోటును మరిచిపోదు. కొత్త అడవిలో వదిలితే పాత చోటు వెతుక్కుంటూ బయలుదేరుతుంది, దారిలో ఊళ్లు తగులుతాయి. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో పట్టి వేరేచోట్ల వదిలాక మనుషులపై దాడులు పెరిగాయి. ఖాళీ అయిన చోటికి మరో చిరుత వచ్చే అవకాశమూ ఉంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా దాన్ని పట్టడం నేరం.

కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లే, పక్కనే జాతీయ రహదారి. దాని అంచుదాకా ఇళ్లు కట్టుకుంటూ వెళ్లింది మనమే. చిరుతను గోడ దాకా రప్పించేది ముఖ్యంగా చెత్త: మాంసం వ్యర్థాలకు కుక్కలు, పందులు చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. ముందు ఆ కుప్పలు తీయించండి. మేకలను, దూడలను రాత్రి తలుపున్న కొట్టంలో కట్టండి. చిరుత కనిపిస్తే దయచేసి గుంపుగా వెంటపడకండి. అది వెళ్లే దారి వదిలి, అటవీశాఖకు ఫోను చేయండి. ఎటూ దారి దొరకనప్పుడే అది మనిషి మీదికి దూకే ప్రమాదం ఎక్కువ.