ఇన్నోవా ఏసీలో ఏటా గ్యాస్ నింపించాలా?

అక్కర్లేదు, ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లోనే తిరుగుతుంటుంది కాబట్టి ఏడాదికే కూలింగ్ పోయేంత తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. వెనక సీట్లకూ కూలింగ్ ఉన్న ఇలాంటి బండ్లలో పైపులు, జాయింట్లు ఎక్కువ, లీకయ్యే చోట్లూ ఎక్కువే. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) ఆయిలూ బయటికొస్తుంది కనుక, జాయింటు దగ్గర దుమ్ము పట్టిన నూనె మరక కనిపిస్తే ముందు అక్కడి ఓ-రింగు (జాయింటు లీకవకుండా వేసే రబ్బరు రింగు) చూడాలి. లీకు సరిచేశాక పైపుల్లో నైట్రోజన్ నింపి ఆ ప్రెషర్ నిలుస్తుందో లేదో చూసి, అరగంటైనా వ్యాక్యూమ్ పట్టి (పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి), బానెట్ కింది స్టిక్కర్‌పై ఉన్న గ్రాముల లెక్కనే తూచి గ్యాస్ ఎక్కించాలి.

కూలింగ్ తగ్గితే గ్యాస్ తగ్గినట్టేనని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. బండి నడుస్తుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగా వస్తోందంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్‌ని. అప్పుడు గ్యాస్ అదనంగా ఎక్కిస్తే ప్రెషర్ పెరిగి కంప్రెసర్‌కే చేటు.