సందపొద్దులో ఇంటికి పోదామంటే

పాపా,

మీ అత్తకు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బని రాయవేలూరు ఆసుపత్రిలో తేల్చి చెప్పారని నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మీ పెదనాయనను తొమ్మిదేండ్లు చూసుకున్నదాన్ని కదా, నాకు తెలిసింది రాస్తున్నా.

విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేశారో లేదో ముందు కనుక్కో. వాటి తేడాతోనూ మతిమరుపు వస్తుంది, దానికి మందుంది. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ మాత్రతో మాత్రం జబ్బు పోదు. కొందరికి కొన్నాళ్లు కాస్త తెరిపినిస్తుంది, అంతే. బ్యాంకు, ఇంటి కాగితాల పనులు ఇప్పుడే ఆమెకు వివరంగా చెప్పి, ఆమె ఇష్టంతో ముగించండి. మేం ఆలస్యం చేశాం. సంతకం పెడుతూ పెడుతూ పేరు సగంలో ఆయన పెన్ను ఆగిపోయింది.

ఈ జబ్బులో మధ్యకాలమే చాలా కష్టం పాపా. సందపొద్దు అయ్యేసరికి మీ పెదనాయన చెప్పులేసుకుని గేటు పట్టుకుని నిలబడేవారు, 'ఇంటికి పోదాం పద' అని. 'ఇది మనిల్లే కదా' అని నేను ఎంత చెబితే అంత కోపం. ఒకరోజు విసిగిపోయి 'సరే, పదండి' అన్నా. చెయ్యి పట్టుకుని కపిలతీర్థం రోడ్డులో కొంత దూరం నడిచాం, అంగట్లో టీ తాగాం, తిరిగొచ్చి అదే గేటు తీశా. 'అబ్బ, వచ్చేశాం' అని కుర్చీలో కూలబడ్డారు. ఆ రోజుతో వాదించడం మానేశా.

మీ అత్త వాళ్లమ్మ ఏదని అడిగితే చనిపోయిందని చెప్పొద్దు. చెప్పిన ప్రతిసారీ ఆమెకు అది కొత్త చావే. 'మీ అమ్మ పులుసు ఎట్ల చేసేది?' అని అడుగు, చాలాసేపు చెబుతుంది.

బాత్రూం లోపలి గడియ తీసేయించు. రాత్రి సిలిండర్ దగ్గరే గ్యాస్ కట్టెయ్. గుడ్డముక్క మీద నీ నంబరు రాసి రవిక లోపల కుట్టు. బ్రహ్మోత్సవాల జనంలో ఆయన తప్పిపోతే రైల్వే స్టేషన్‌లో దొరికేదాకా నా ప్రాణం నిలవలేదు. ఉన్నట్టుండి మనిషి మరీ తేడాగా మారితే జబ్బు ముదిరిందని ఊరుకోకు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మలబద్ధకం ఉన్నా అట్లే అవుతుంది, వెంటనే డాక్టర్‌కు చూపించు.

చివర్లో మింగడం కూడా కష్టమవుతుంది. పలుచటి నీళ్లే ఎక్కువగా పొరపోతాయి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, కాస్త చిక్కటి రాగిజావ చెంచా చెంచాగా తాగించు. తిన్న అరగంటదాకా పడుకోబెట్టొద్దు. మంచం పట్టాక రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే పుండ్లు పడతాయి.

ఇదంతా నువ్వొక్కదానివే మొయ్యొద్దు. నేను మొండికేసి బీపీ తెచ్చుకున్నా. మీ ఆయన్నీ మరిదినీ కూర్చోబెట్టి వంతులు మాట్లాడుకోండి. మీ ఆడబిడ్డ వచ్చిన రోజు నువ్వు ఇంట్లో ఉండకు, బయటికి పో.

శుక్రవారం పొద్దున బస్సుకు చిత్తూరు వస్తున్నా, పది రోజులుంటా. మీ అత్త పెళ్లినాటి ఫొటోలు వెతికి పెట్టు.

మీ పెద్దమ్మ,
తిరుపతి