సిగరెట్ తాగేవాళ్లు తగ్గినా లంగ్ క్యాన్సర్ మరణాలు వెంటనే ఎందుకు తగ్గవు?

ఎందుకంటే పొగకీ క్యాన్సర్‌కీ మధ్య దాదాపు 20-30 ఏళ్ల గ్యాప్ ఉంటుంది, ఇవాళ ఒక దేశంలో కనిపించే కేసులు చాలావరకు అప్పటి అలవాటు ఫలితమే. పొగలోని కెమికల్స్ కణాల్లో డీఎన్ఏని కొంచెం కొంచెంగా పాడుచేస్తాయి, ఆ డ్యామేజ్ ఏళ్ల తరబడి పేరుకుని పేరుకుని చివరికి ఏదో ఒక కణం అదుపు తప్పి గడ్డగా పెరుగుతుంది. అమెరికానే చూడండి, అక్కడ తలసరి సిగరెట్ల వాడకం 1960ల్లో పీక్‌కి వెళ్లి తర్వాత పడిపోతూ వచ్చింది, అయినా మగవాళ్లలో లంగ్ క్యాన్సర్ మరణాల రేటు 1990 ప్రాంతంలో గానీ దిగడం మొదలవలేదు, ఆడవాళ్లకి ఆ అలవాటు లేటుగా వచ్చింది కాబట్టి వాళ్లలో ఇంకా లేటు. ఇది విని చాలామంది "ఇన్నేళ్లు తాగాక ఇప్పుడు మానేసి ఏం లాభం" అనుకుంటారు, అది అస్సలు నిజం కాదు, మానేసిన 10-15 ఏళ్లకి లంగ్ క్యాన్సర్ రిస్క్ తాగుతూనే ఉన్నవాళ్లతో పోలిస్తే సుమారు సగానికి పడిపోతుంది.