కుక్కకి మాత్ర కావాలని షాపుకొస్తే

చి. శేఖర్‌కి బాబాయి దీవెనలు.

కొత్త మందుల షాపు కుదురుకుందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. కుక్కల, పిల్లుల యాంటీబయాటిక్స్ గురించి అడిగావు కదా, ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నా.

"కుక్కకి విరేచనాలు, పోయినసారి మాత్రలే ఇవ్వండి" అని అడిగేవాళ్లే ఎక్కువ. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకు. అమోక్సిసిలిన్, సెఫలెక్సిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్ అన్నీ షెడ్యూల్ హెచ్ మందులే, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. రిజిస్టరైన పశువైద్యుడి చీటీ చెల్లుతుంది, కానీ అందులో పెంచుకునేవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. 'టామీ' అని ఒక్క ముక్క ఉంటే చాలదు. సెఫ్‌పోడాక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్ ఇంకా కఠినమైన హెచ్1 జాబితా కిందికొస్తాయి. డాక్టర్ పేరు, చిరునామా, ఎవరికి, ఏ మందు, ఎంత ఇచ్చావో వేరే రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు దాచాలి. 2014 మార్చి నుంచి ఇదే రూలు. కుక్క మందే కదా అని వదిలేస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఊరుకోడు.

గిరాకీ పోతుందని టెన్షన్ పడకు. కుక్కల విరేచనాలు చాలావరకు యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతాయి. ఒకవేళ అది పార్వో అయితే, అది వైరస్. నీ మాత్ర దాన్ని చంపదు, పైగా సెలైన్ ఎక్కించాల్సిన టైమంతా ఇంట్లోనే గడిచిపోతుంది. ఈ మాట చెబితే కోపంగా వచ్చినవాళ్లు కూడా ఆగి వింటారు.

చీటీతో వచ్చినప్పుడు కవర్లో వేసి పంపేయకు. పిల్లికి డాక్సీసైక్లిన్ రాస్తే మాత్ర వెనకే సూది తీసిన సిరంజితో 5 మి.లీ. నీళ్లు మెల్లగా పట్టమను. పొడిగా మింగిస్తే గొంతు కింద అన్నం దిగే గొట్టంలో ఇరుక్కుని పుండు చేస్తుంది, తర్వాత ఆ దారే ఇరుకైపోతుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ విషయంలో ఇంకా జాగ్రత్త. పిల్లికి రోజుకి కిలో బరువుకి 5 మి.గ్రా. దాటితే చూపు పోయే ప్రమాదం ఉంది. కుక్కకి రాసిన స్ట్రిప్పులోంచి సగం విరిచి పిల్లికి పెట్టే ఇళ్లు నీకూ తగులుతాయి, గట్టిగానే చెప్పు.

పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరానికి డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. నాలుగో రోజుకి కుక్క అన్నం తింటే చాలు, మనవాళ్లు మాత్రలు ఆపేస్తారు. ఎవరైనా నాలుగు మాత్రలే చాలంటే, మిగతావి ఎందుకు వద్దంటున్నారో అడుగు.

రాసిన బ్రాండ్ లేకపోతే పిల్లల సిరప్ అంటగట్టకు. కొన్నింట్లో తీపికి జైలిటాల్ వేస్తారు, అది కుక్కలకి విషం. రాసిన డాక్టర్‌కే ఒక ఫోన్ కొట్టు.

మీ
బాబాయి