కప్పు కొత్తిమీర ఎన్ని గ్రాములు?

ప్రశ్న: మేడమ్, మాది సీతమ్మధార. మా అపార్ట్‌మెంట్ వాళ్లు అడిగితే కొత్తిమీర పచ్చడి, కరివేపాకు పొడి చేసి ఇస్తున్నాను. నా కొలతలన్నీ కప్పుల్లోనే. ఇప్పుడు అరకిలో, కిలో అని ఆర్డర్లు వస్తుంటే ఆకు ఎంత కొనాలో, ధర ఎలా కట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నెట్‌లో ఒకచోట కప్పు కొత్తిమీర 16 గ్రాములని, ఇంకోచోట 50 అని ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే కావచ్చమ్మా. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో పావు కప్పు కొత్తిమీర 4 గ్రాములు, అంటే కప్పుకి 16. అదే పట్టికలో కొత్తిమీరలాగే ఉండే పార్స్లీ ఆకు, తరిగింది మాత్రం కప్పుకి 60! ఆకుల మధ్య అంత తేడా ఉంటుందా? ఎంత సన్నగా తరిగారు, కప్పులోకి జల్లారా, వేళ్లతో అదిమారా అన్నదే తేడా. కాబట్టి నెట్ అంకె వదిలేసి, మీ చేతి కప్పునే తూచండి.

రైతు బజార్ నుంచి తెచ్చిన కట్టని ముందు అలాగే కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. వేళ్లు, ముదురు కాడలు తీసేసి, కడిగి, బట్ట మీద ఫ్యాన్ కింద ఆరబెట్టండి. వానాకాలంలో తెచ్చే కట్టల్లో నీళ్లకి కూడా మనమే డబ్బులిస్తాం, అది వేరే బాధ. ఆరాక మళ్లీ తూచండి. ఉదాహరణకి 250 గ్రాముల కట్టలో ఆకు 150 తేలితే, 600 గ్రాముల ఆకుకి కిలో కొనాలన్నమాట. ధర కట్టేటప్పుడు ఆ పోయిన 400 గ్రాములనీ కలుపుకోవాలి. చాలామంది నష్టపోయేది అక్కడే.

తర్వాత ఖాళీ కప్పుని కాటా మీద పెట్టి సున్నా చేయండి. రోజూ ఎలా నింపుతారో అలాగే నింపి తూచండి. మూడుసార్లు చేసి సగటు తీస్తే అదే మీ కప్పు. ఇక నుంచి కిలో పచ్చడికైనా గ్రాముల్లోనే వేయండి.

కరివేపాకు సంగతి వేరు. పచ్చి ఆకులో దాదాపు 64 శాతం నీరే. రెబ్బల నుంచి దూసిన ఆకు 100 గ్రాములు పూర్తిగా ఎండితే మిగిలేది 36 దగ్గర. పొడికి వేయించిన ఆకు బరువే లెక్క. అదీ చల్లారిన వెంటనే తూచాలి. మన విశాఖ గాలికి గలగలలాడే ఆకు కాసేపట్లోనే మెత్తబడి, తేమతో బరువెక్కుతుంది.

ఉప్పుని కూడా చెంచాల్లో కొలవకండి, తూచి వేయండి. చెంచా కల్లుప్పు, చెంచా మెత్తటి ఉప్పు ఒకే బరువు తూగవు.

ప్రశ్న: పిజ్జా సాస్‌లో టేబుల్ స్పూన్ తాజా ఒరిగానో వేయమన్నారు. నా దగ్గర ఎండు ఆకే ఉంది. ఎంత వేయాలి? – గాజువాక పాఠకురాలు

జవాబు: మూడో వంతు, అంటే ఒక టీ స్పూన్. సుమారు ఒక గ్రాము తూగుతుంది. పొడి అయితే అదే స్పూన్‌లో ఇంకా ఎక్కువ పడుతుంది, కాస్త తగ్గించండి. ఇంట్లో కాటా ఒక గ్రాముని సరిగా చూపదు. పది స్పూన్లు కలిపి తూచి పదితో భాగించండి. వంటకం ఆస్ట్రేలియా వాళ్లదైతే చూసుకోండి, వాళ్ల టేబుల్ స్పూన్ 20 మిల్లీలీటర్లు, మనం వాడేది 15.