నీటిలో ఈస్ట్రోజెన్‌ను పాలిమర్‌తో ఎలా పట్టుకుంటారు?

నదుల్లో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ సాధారణంగా లీటరుకు కొన్ని నానోగ్రాములే ఉంటుంది. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. కెనడాలోని ఒంటారియోలో ఒక సరస్సులో 2001 నుంచి మూడేళ్లు, గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను లీటరుకు 5–6 నానోగ్రాములు ఉండేలా కలిపితే, ఫాట్‌హెడ్ మిన్నో చేపలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

దీన్ని పట్టే పాలిమర్‌ను (ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని) ఆ హార్మోన్ అచ్చుతోనే చేస్తారు. ఈస్ట్రోజెన్‌లో ఒక రకమైన ఈస్ట్రడయోల్‌ను, పాలిమర్‌కు ముడిసరుకైన మెథాక్రిలిక్ ఆమ్లంతో కలిపితే రెండూ హైడ్రోజన్ బంధాలతో దగ్గరవుతాయి. పాలిమర్ గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసే క్రాస్‌లింకర్ వేసి గట్టిపరిచాక, మిథనాల్‌, ఎసిటిక్ ఆమ్లం మిశ్రమంతో హార్మోన్‌ను కడిగేస్తారు. తాళంచెవిని సబ్బుపై ఒత్తి తీసినట్టు, దాని ఆకారంలో గుంతలు మిగులుతాయి. ఈ పొడి నింపిన చిన్న గొట్టంలోంచి నీటిని పంపితే ఈస్ట్రోజెన్ అక్కడ ఆగుతుంది. లీటరు నీటిలో ఉన్నదంతా ఒక మిల్లీలీటరు ద్రావణిలోకి దించగలిగితే గాఢత వెయ్యి రెట్లు పెరుగుతుంది. అప్పుడు ఎల్‌సీ-ఎంఎస్ (అణువులను విడదీసి, బరువును బట్టి గుర్తించే పరికరం) దాన్ని కొలవగలదు.

అసలు టెన్షన్ కడగడం దగ్గరే. గుంతల్లో మిగిలిపోయిన హార్మోన్ పరీక్షలో కారితే, శుభ్రమైన నీళ్లలోనూ ఈస్ట్రోజెన్ ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే చాలామంది అచ్చుకు ఈస్ట్రడయోల్ బదులు దాన్ని పోలిన వేరే అణువును వాడతారు. నా దృష్టిలో అదే నమ్మదగిన దారి.